షాచ్యూలో ఆ మాటలు ఎవరు విన్నారు?

తెలుగులో ప్రపంచ చరిత్ర వీడియోలు చేస్తున్నవారికి, పోటీ పరీక్షల గైడ్లు రాస్తున్నవారికి, పిల్లల పత్రికల్లో 'మీకు తెలుసా' శీర్షికలు నడుపుతున్నవారికి బహిరంగ లేఖ.

నమస్కారం.

ముందు నా తప్పు చెప్పుకుంటాను. పదకొండేళ్ళు ఒక కోచింగ్ సెంటర్లో ప్రపంచ చరిత్ర చెప్పాను. చైనా మొదటి చక్రవర్తి చిన్ షి హువాంగ్ పాఠం వచ్చిందంటే నాకు పండగే. భోజనాలయ్యాక మధ్యాహ్నం క్లాసు పడినా ఆ రోజు ఒక్కడూ కునికేవాడు కాదు. క్రీ.పూ. 210, మంచి ఎండలు. దేశాటనలో ఉన్న చక్రవర్తి షాచ్యూ అనే చోట ప్రాణం విడిచాడు. అంతఃపుర అధికారి జావ్ గావ్ ప్రధానమంత్రి లీ సు దగ్గర చేరి బెదిరించి, బుజ్జగించి, దారికి తెచ్చుకున్నాడు. పెద్దకొడుకు ఫూసుకి చక్రవర్తి రాసిన ఉత్తరాన్ని మాయం చేసి, 'నువ్వు చచ్చిపో' అని అతనికి దొంగ ఉత్తరం పంపారు. చిన్నకొడుకు హుహైని గద్దెనెక్కించారు. శవం కంపు కొడుతుంటే ఎవరికీ అనుమానం రాకుండా బండ్లలో ఉప్పుచేపలు వేసుకుని రాజధాని షియెన్యాంగ్ దాకా తోలుకొచ్చారు. జావ్ గావ్ మాటల్ని గొంతు మార్చి మరీ చెప్పేవాణ్ణి.

ఒకరోజు వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "సార్, కుట్ర చేసింది ముగ్గురు. ఆ ముగ్గురూ మూడేళ్ళలో పోయారని మీరే చెప్పారు. మరి వాళ్ళ డైలాగులు మనదాకా ఎవరు మోసుకొచ్చారు?"

క్లాసంతా నవ్వింది. చక్రవర్తి చనిపోయిన సంగతి ఐదారుగురు నౌకర్లకు కూడా తెలుసని పుస్తకంలో ఉందమ్మా అని ఏదో సర్దేసి తర్వాతి పాయింటుకి పోయాను. కానీ నౌకర్లకు తెలిసింది చావు సంగతి. జావ్ గావ్, లీ సు ఇద్దరూ తలుపులేసుకుని మాట్లాడుకున్న మాటలు వాళ్ళకెలా తెలుస్తాయి? లీ సుని క్రీ.పూ. 208లో నడిబజారులో నరికించారు. 207లో హుహై తన ప్రాణం తనే తీసుకోవాల్సి వచ్చింది. అదే ఏడు జావ్ గావ్‌నీ చంపేశారు. వీళ్ళలో ఎవరూ ఆత్మకథ రాసుకోలేదు. ఆ పిల్ల అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ ప్రశ్నే ఇవాళ మీ ముందు పెడుతున్నాను. ఎందుకంటే నేను చేసిన పనే మీరు ఇంకా పెద్ద ఎత్తున చేస్తున్నారు. నా క్లాసులో అరవై మంది ఉండేవాళ్ళు, మీకు లక్షల్లో ఉన్నారు.

చిన్ షి హువాంగ్ గురించి మనం చెప్పుకునే కథలు దాదాపు అన్నీ ఒక్క పుస్తకంలోంచి వచ్చినవే. దాని పేరు షిజీ. రాసినవాడు సిమా చియెన్, హాన్ వంశపు వూ చక్రవర్తి కొలువులో అధికారి. నూట ముప్ఫై అధ్యాయాలు. మొత్తం 5,26,500 అక్షరాలని ఆయనే లెక్కపెట్టి చెప్పుకున్నాడు. ఆ పుస్తకం ఒక రూపానికి వచ్చేది క్రీ.పూ. 91 ప్రాంతంలో. అంటే షాచ్యూ సంఘటన జరిగి నూరేళ్ళు దాటిపోయాక. 1905లో మా ముత్తాత, ఆయన బావమరిది గదిలో కూర్చుని పొలం పంపకాల గురించి ఏమేం అనుకున్నారో ఇవాళ నేను డైలాగులతో సహా రాస్తే మీరు నమ్ముతారా? కథ బాగుందంటారు. సాక్ష్యం మాత్రం అనరు.

అలాగని సిమా చియెన్ అబద్ధాలకోరు అనుకోకండి. నాకైతే ఆయన మీద చాలా గౌరవం. క్రీ.పూ. 99లో లీ లింగ్ అనే సేనాని శత్రువులకు లొంగిపోతే కొలువంతా అతన్ని తిట్టింది. ఈయనొక్కడే అతని తరఫున మాట్లాడాడు. దానికి పుంస్త్వం తీసేసే శిక్ష పడింది. అలాంటి శిక్ష పడ్డ పెద్దమనిషి ప్రాణం తీసుకోవడమే అప్పటి మర్యాద. పుస్తకం సగంలో ఉందని ఆ అవమానం మింగి బతికాడు. అదీగాక ఆయనకు విన్నదాన్ని వడకట్టే అలవాటు ఉంది. క్రీ.పూ. 227లో జింగ్ కె అనేవాడు చిన్ రాజుని (తర్వాత చక్రవర్తి అయింది ఈ రాజే) కత్తితో పొడవబోయిన కథ చెప్పి, చివర్లో ఒక ముక్క చేర్చాడు. ఆకాశం నుంచి ధాన్యం కురిసిందనీ గుర్రాలకు కొమ్ములు మొలిచాయనీ చెప్పేవి అతిశయోక్తులన్నాడు, రాజుకి గాయమైందన్నదీ అబద్ధమన్నాడు. ఆ రోజు సభలో ఉన్న రాజవైద్యుడు షియా వూజూ తన మందుల సంచీని హంతకుడి మీదికి విసిరాడు. ఆ వైద్యుడితో పరిచయం ఉన్న ఇద్దరి ద్వారా తనకీ సంగతి తెలిసిందని రాశాడు. మన వీడియోల్లో ఈ వాక్యం ఎవరూ చదవరు. నా దృష్టిలో ఆ అధ్యాయం మొత్తానికి విలువైన వాక్యం అదే.

అయితే షాచ్యూ కుట్రకి అలాంటి మందుల సంచీ సాక్షి ఎవరూ లేరు. ఫలానావారు చెప్పగా విన్నానని ఆయన అక్కడ రాయలేదు.

ఆయన దగ్గరున్న సరుకు ఏమిటో కూడా చూడాలి. క్రీ.పూ. 213లో లీ సు సలహా మీద పుస్తకాలు తగలబెట్టించారు. వైద్యం, జోస్యం, సేద్యం గురించినవాటిని వదిలేశారు. చిన్ రాజ్యపు రికార్డులనీ ముట్టుకోలేదు. చిన్ వాళ్ళు జయించి కలుపుకున్న మిగతా రాజ్యాల చరిత్రలు మాత్రం మంటల్లో పోయాయి. క్రీ.పూ. 206లో తిరుగుబాటు సేనాని షియాంగ్ యూ వచ్చి చిన్ అంతఃపురాలకు నిప్పు పెడితే మూడు నెలలు ఆరలేదట. కొలువు దగ్గర దాచిన ప్రతులు ఏమైనా ఉంటే అవీ అందులోనే పోయి ఉంటాయి. చివరికి చిన్ వాళ్ళ సొంత రికార్డు ఒక్కటే మిగిలిందనీ, అందులో నెలా రోజూ ఉండవనీ, రాత చాలా క్లుప్తమనీ సిమా చియెన్ విసుక్కున్నాడు. వింతేమిటంటే, ఈ చక్రవర్తికి ఎదురు సాక్ష్యం చెప్పగల రాతల్ని ఆయనే తగలబెట్టించాడు. మిగిలిన కొలువు ప్రతుల్ని ఆయన శత్రువు తగలబెట్టాడు. ఆ తర్వాత కథ రాసింది ఆ వంశం పోయాక గద్దెనెక్కిన హాన్ వంశపు కొలువులో. చిన్ వాళ్ళు ఎంత దుర్మార్గులైతే హాన్ వాళ్ళ రాజ్యం అంత న్యాయమైనది. జియా యీ అనే హాన్ మేధావి 'చిన్ తప్పులు' అంటూ ఒక వ్యాసం రాస్తే, సిమా చియెన్ దాన్ని చక్రవర్తి అధ్యాయం చివర తెచ్చి పెట్టాడు.

ఇంకో మెలిక కూడా ఉంది. అమరత్వపు మందుల కోసం మాంత్రికుల వెంట పడటం, తాయ్ పర్వతమెక్కి యజ్ఞాలు చేయడం, ఎడతెగని దండయాత్రలు... చిన్ షి హువాంగ్ చేశాడని మనం చదివే ఈ పనులన్నీ సిమా చియెన్ ఏలిక వూ చక్రవర్తి కూడా చేశాడు. తనకా శిక్ష వేసిన ఏలికని నేరుగా అనలేక పాత రాజుని అడ్డం పెట్టుకుని అన్నాడా అన్న అనుమానం పండితులకు ఎప్పటినుంచో ఉంది. అత్త మీద కోపం దుత్త మీద చూపించడం మనకు కొత్త కాదు కదా.

ఇక మీ థంబ్‌నెయిళ్ళలో ఎర్రక్షరాలతో కనిపించే మూడు సంగతులకు వస్తాను.

ఒకటి, పుట్టుక. 'చైనా చక్రవర్తి అసలు తండ్రి ఒక వ్యాపారి!' షిజీలో ల్యూ బువే అనే వర్తకుడి అధ్యాయంలో ఈ కథ ఉన్న మాట నిజమే. తన వల్ల గర్భవతి అయిన నాట్యకత్తెని చిన్ రాజకుమారుడికి ఇచ్చేశాడట. అదే పుస్తకంలో చక్రవర్తి అధ్యాయం తెరిస్తే ఆయన రాజు కొడుకని మాత్రమే ఉంటుంది. ల్యూ బువే అధ్యాయంలోనే కొన్ని వాక్యాలు పోయాక ఆ నాట్యకత్తె జావ్ రాజ్యంలో గొప్పింటి ఆడపడుచు అవుతుంది. పైగా గర్భం సంగతి దాచినా బిడ్డ నిండు గడువు దాటాకే పుట్టినట్టుంది. అది పన్నెండు నెలలని కొందరు వ్యాఖ్యాతలు. అన్నిటికన్నా అనుమానం పుట్టించేది ఏమిటంటే, ఇదే పుస్తకంలో చూ రాజ్యపు మంత్రి చున్‌షెన్ గురించి కూడా అచ్చం ఇదే కథ ఉంది. తన వల్ల గర్భవతి అయినామెని రాజుకిచ్చాడు, పుట్టినవాడు రాజయ్యాడు. ఒకే కాలంలో రెండు రాజ్యాల్లో ఒకే మోసం జరిగిందా, లేక శత్రు వంశం పరువు తీయడానికి చేతికందే రెడీమేడ్ కథ అదొకటి తిరుగుతూ ఉండేదా? ల్యూ బువే కథలో ఆ ముక్క తర్వాతెవరో ఇరికించారని వాదించిన పరిశోధకులున్నారు. నాకు ఆ వాదన వైపే మొగ్గు.

రెండు, 'పండితుల్ని బతికుండగా పాతిపెట్టాడు.' షిజీ ప్రకారం క్రీ.పూ. 212లో అమరత్వపు మందు తెస్తామన్న ఇద్దరు మాంత్రికులు డబ్బు తిని, రాజుని తిట్టి పారిపోయారు. ఆ కోపంలో రాజధానిలోని విద్యావంతుల్ని విచారణకు పెట్టిస్తే వాళ్ళు ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. చివరికి 460 మందికి పైగా దొరికారు, వాళ్ళని గోతిలో వేశారు. అక్కడ వాడిన అక్షరానికి గొయ్యి అనే అర్థం. బతికుండగానే అన్న ముక్క అందులో లేదు. సిమా చియెన్ మరో అధ్యాయంలో ఇదే సంఘటన ఎత్తుకుంటూ చచ్చినవాళ్ళని మంత్రతంత్రాలు తెలిసినవాళ్ళు అనే అర్థం వచ్చే మాటతో పిలిచాడు. అయితే పెద్దకొడుకు ఫూసు అభ్యంతరం చెబుతూ వీళ్ళంతా కన్ఫ్యూషియస్ బోధలు వల్లించేవాళ్ళేనని అన్నట్టు కూడా ఉంది. అంటే ఒకే పుస్తకంలో మాట రెండు రకాలుగా ఉంది. ఆ తర్వాత క్రీ.శ. 1వ శతాబ్దానికి వచ్చేసరికి వే హోంగ్ అనే పండితుడి కథనంలో సంఖ్య 700కి పెరిగింది. దాంతోపాటు చలికాలంలో పుచ్చకాయలు కాశాయి, వచ్చి చూడండని లోయకి పిలిపించి, వాళ్ళు వాదించుకుంటూ ఉండగా పైనుంచి మట్టి పోయించాడన్న సీను కూడా వచ్చి చేరింది. సినిమాకి బ్రహ్మాండంగా ఉంటుంది. ఒక గైడులో మాత్రం ఇది ప్రశ్నగా కనిపించింది, 'ఎంతమంది కన్ఫ్యూషియన్ పండితుల్ని సజీవ సమాధి చేశాడు?' అని నాలుగు ఆప్షన్లు. ఆ ప్రశ్నలోనే రెండు మాటలకు గట్టి ఆధారం లేదు. దానికి నాలుగు ఆప్షన్లు, నెగటివ్ మార్కులు!

మూడోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, కొంచెం తీరిగ్గా చెబుతాను.

క్రీ.పూ. 209లో, వానాకాలం. కాపలా పని మీద సరిహద్దుకి పోతున్న 900 మంది దాజె అనే ఊరి దగ్గర వానకి చిక్కుకుపోయారు. గడువులోగా చేరే దారి లేదు. చెన్ షెంగ్, వూ గ్వాంగ్ అనే ఇద్దరు లేచి, 'ఆలస్యమైతే చట్టం ప్రకారం అందరి తలలూ పోతాయి, ఎలాగూ చావేగా, తిరగబడి చద్దాం' అన్నారు. చిన్ సామ్రాజ్యం కూలడం అక్కడ మొదలైంది. ఆలస్యానికి మరణదండన అన్న ఆ చట్టం రెండు వేల ఏళ్ళుగా చిన్ వాళ్ళ క్రూరత్వానికి మచ్చుతునక. నేనూ అదే చెప్పేవాణ్ణి.

1975 డిసెంబరులో హుబే రాష్ట్రం యున్‌మెంగ్ దగ్గర ష్వేహూదీ అనే చోట కాలువ పనుల్లో పాత సమాధులు బయటపడ్డాయి. వాటిలో పదకొండో సమాధిలో ఉన్నది షి అనే చిన్న ఉద్యోగి. కోర్టు పనులూ రికార్డులూ చూసిన గుమాస్తా లాంటివాడు. క్రీ.పూ. 262లో పుట్టాడు, 217 ప్రాంతంలో పోయాడు. అంటే చక్రవర్తి కన్నా మూడేళ్ళు పెద్ద. ఇంట్లోవాళ్ళు అతని శవం చుట్టూ అతను జీవితమంతా వాడిన కాగితాలు పేర్చారు. కాగితాలంటే వెదురు బద్దలు, 1,150కి పైగా. చాలావరకు చట్టాలూ కేసులూ. ఒక ఉద్యోగిని అతని ఫైళ్ళతో సహా పాతిపెట్టడం... రిటైరయ్యాక కూడా ఆఫీసు కాగితాల కట్ట వదలని మా నాన్నగారు గుర్తొచ్చారు నాకు.

ఆ బద్దల్లో వెట్టి పనుల చట్టం ఉంది. పిలిచినా పంపకపోతే రెండు కవచాల జరిమానా. మూడు నుంచి ఐదు రోజులు ఆలస్యమైతే తిట్టి వదిలేయాలి. ఆరు నుంచి పది రోజులైతే ఒక డాలు వెల కట్టాలి. పది దాటితే ఒక కవచం వెల. వానలు పడితే? ఆ పిలుపునే రద్దు చేయాలి.

తలలు తీయడం అక్కడ లేదు.

ఇక్కడే మనం జాగ్రత్తపడాలి, ఎందుకంటే ఇప్పుడు 'చైనా చరిత్రలో అతిపెద్ద అబద్ధం బయటపడింది' అని ఇంకో థంబ్‌నెయిల్ తయారవుతుంది. ఆ చట్టం పని కోసం పిలిచినవాళ్ళది. చెన్ షెంగ్ జట్టు సరిహద్దు కాపలాకి పోతున్నది, వాళ్ళకి సైన్యపు నియమాలు వేరై ఉండొచ్చు. షి దగ్గరున్న చట్టాలు చాలావరకు సామ్రాజ్యం ఏర్పడక ముందువి. హుహై కాలానికి కఠినమై ఉండొచ్చు. లేదూ, చెన్ షెంగే మనుషుల్ని రెచ్చగొట్టడానికి కొంచెం కారం దట్టించి ఉండొచ్చు. తిరుగుబాటు లేపేవాడు పీనల్ కోడ్ సెక్షను చదివి వినిపించడు కదా. ఇన్ని 'ఉండొచ్చు'లు వీడియోలో బాగుండవని నాకూ తెలుసు. కానీ అవి తీసేస్తే మిగిలేది చరిత్ర అవదు.

మరోవైపు, మట్టిలోంచి వచ్చినవి సిమా చియెన్‌ని ప్రతిసారీ తప్పు పట్టలేదు. అదే గుమాస్తా షి దగ్గర ఏటేటా వేసుకున్న ఒక పట్టీ ఉంది. ఒక పక్క రాజ్యం యుద్ధాలు, ఇంకో పక్క తనకి ఉద్యోగం రావడం, పిల్లలు పుట్టడం. అందులో క్రీ.పూ. 219 దగ్గర చిన్న ముక్క: ఏలినవారు అన్‌లూ మీదుగా వెళ్ళారు, అని. అన్‌లూ వాళ్ళ ఊరే. ఆ ఏడు చక్రవర్తి తూర్పు దేశం తిరిగి దక్షిణపు దారిలో వెనక్కి వచ్చాడని షిజీలో ఉంది. ఊరి గుమాస్తా సొంత రాతా, కొలువు చరిత్రకారుడి గ్రంథమూ నూరేళ్ళ తేడాతో కలిశాయి. చక్రవర్తి సమాధిలో పాదరసపు నదులు ప్రవహింపజేశారని సిమా చియెన్ రాస్తే చాలామంది కట్టుకథ అనుకున్నారు. 1980ల మొదట్లో ఆ దిబ్బ మీది మట్టిని పరీక్షిస్తే మధ్య భాగంలో పాదరసం మోతాదు బాగా ఎక్కువగా తేలింది. 2002లో హునాన్ రాష్ట్రం లీయెలో ఒక పాత బావిలో దొరికిన వేల బద్దల్లో, అమరత్వపు మందు వెతకమన్న తాఖీదుకి కింది ఊళ్ళ నుంచి వచ్చిన జవాబులు కనిపించాయని 2017లో వార్త వచ్చింది. ఒక ఊరివాళ్ళు ఇంకా దొరకలేదు, వెతుకుతున్నాం అన్నారట. పై అధికారికి రాసే జవాబు రెండు వేల రెండొందల ఏళ్ళుగా మారలేదన్నమాట! సమాధి దగ్గర పనిచేసి చచ్చినవాళ్ళ గోతులూ దొరికాయి. కొందరి మీద పెంకు ముక్కలపై పేరూ ఊరూ గీసి పెట్టారు. తూర్పు రాజ్యాల నుంచి తెచ్చినవాళ్ళు. జరిమానా కట్టలేక ఆ బాకీని కూలితో తీరుస్తున్నవాళ్ళని రాసి ఉంది. కాబట్టి డాలు వెల, కవచం వెల అని నేనిందాక తేలిగ్గా చెప్పిన జరిమానాలు కొందరి ప్రాణాలు తీశాయి. ఆయన మంచివాడని చెప్పడానికి నేనీ ఉత్తరం రాయడం లేదు.

ఇక 1974లో లింతొంగ్ దగ్గర బావి తవ్వుతున్న రైతులకు దొరికిన మట్టి సైనికుల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, అందరూ చేసేశారు. ఒక్కటి గమనించండి. సమాధిని అంత వివరంగా వర్ణించిన షిజీలో ఆ సైన్యం ఊసే లేదు. చక్రవర్తి కట్టించడం మొదలుపెట్టిన అఫాంగ్ భవనం సంగతి దీనికి తలకిందులు. దాన్ని షియాంగ్ యూ తగలబెట్టాడని ప్రతివాళ్ళూ చెబుతారు. షిజీలో ఉన్నది చిన్ అంతఃపురాలు కాల్చాడని మాత్రమే. అఫాంగ్‌ని కాల్చింది 9వ శతాబ్దపు కవి దూ మూ, తన కవిత్వంలో. ఈ శతాబ్దం మొదట్లో తవ్విచూస్తే అక్కడ పెద్ద మట్టి వేదిక దొరికింది గానీ కాలిన ఆనవాళ్ళు లేవు. అసలు భవనం పూర్తయిన గుర్తులే కనపడలేదు. చైనా మహాకుడ్యం దగ్గర ఏడ్చి ఆ గోడని కూల్చిన మెంగ్ జియాంగ్ అనే ఇల్లాలి కథ మరీను. దాని మూలం క్రీ.పూ. 550లో చీ రాజ్యంలో యుద్ధంలో పోయిన ఒక వీరుడి భార్య. దారిలో పరామర్శించబోయిన రాజుతో, ఇది పద్ధతి కాదు, మా ఇంటికి రండి అన్న ఇల్లాలు. చిన్ షి హువాంగ్ పుట్టడానికి మూడొందల ఏళ్ళ ముందు మనిషి. ఆమె కన్నీళ్ళు ఆయన గోడ దాకా ఎలా నడిచి వచ్చాయో 1920ల్లో గూ జియేగాంగ్ అనే చరిత్రకారుడు అంచెలంచెలుగా చూపించాడు. కాలం గడిచేకొద్దీ పాత రాజుల గురించి మనకు తక్కువ తెలియాలి గానీ ఎక్కువ తెలుస్తోందేమిటి అన్నది ఆయన పట్టుకున్న ప్రశ్న. షాంగ్ వంశపు చివరి రాజు జౌ నేరాల జాబితా శతాబ్దాల పొడుగునా పెరుగుతూ పోవడాన్నీ అలాగే లెక్కగట్టాడు. కన్ఫ్యూషియస్ శిష్యుడు జిగోంగ్ ఈ మాట ఎప్పుడో అన్నాడు: జౌ మరీ అంత చెడ్డవాడు కాదు, పల్లంలో నిలబడ్డవాడి మీదికే లోకంలోని మురికంతా వచ్చి చేరుతుంది, అని.

ఇప్పుడు షాచ్యూకి మళ్ళీ వస్తాను. 2009లో పెకింగ్ విశ్వవిద్యాలయానికి విరాళంగా కొన్ని వెదురు బద్దలు వచ్చాయి. వాటిలో ఒక చిన్న కథనం 2015లో అచ్చయింది. పశ్చిమ హాన్ తొలి రోజుల నాటిదంటున్నారు, అంటే సిమా చియెన్ కన్నా ముందుది. అందులో చావు దగ్గరపడ్డ రాజు తర్వాత ఎవరని అడుగుతాడు. లీ సు హుహై పేరు చెబుతాడు. రాజు సరే అంటాడు. దొంగ ఉత్తరమూ లేదు, కుట్రా లేదు. పైగా అది ఆయన్ని చక్రవర్తి అని కూడా అనదు, చిన్ రాజు అనే అంటుంది. అయితే ఆ బద్దలు తవ్వకాల్లో దొరికినవి కావు, పురాతన వస్తువుల బజారు నుంచి వచ్చినవి. ఏ సమాధిలోవో, ఎవరివో తెలియదు. అదీ ఒక కథే అయి ఉండొచ్చు. 2013లో హునాన్‌లో యియాంగ్ దగ్గర ఒక బావిలో హుహై పట్టానికొచ్చిన కొత్తలో పంపిన ప్రకటన దొరికింది. తండ్రి వీలునామా ప్రకారమే గద్దెనెక్కానని అందులో ఉంది. ఇది తవ్వకాల్లో దొరికిన అసలు ప్రభుత్వ పత్రమే. కానీ గద్దె దొంగిలించినవాడైనా అదే కదా రాసేది!

అంటే నా స్టూడెంట్ అడిగిన ప్రశ్నకి ఇప్పుడున్న జవాబు ఇది: మూడు సాక్ష్యాలున్నాయి. ఒకటి ఆలస్యంగా వచ్చింది, ఒకటి ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, మూడోది కేసులో ముద్దాయి చెప్పింది. ఏది నిజమో తేలలేదు. ఇలా చెబితే క్లాసు నిద్రపోతుందని నేను భయపడేవాణ్ణి. తర్వాత రెండుసార్లు ఇలాగే చెప్పి చూశాను. ఎవరూ నిద్రపోలేదు. బెల్లు కొట్టినా లేవకుండా వాదించుకున్నారు.

మనకు ఇది పరాయి సమస్యేమీ కాదు. అశోకుడు చిన్ షి హువాంగ్‌కి దాదాపు సమకాలికుడు. ఈ కుర్రాడు పదమూడేళ్ళకి క్రీ.పూ. 246లో చిన్ రాజయ్యేటప్పటికి అక్కడ మగధలో అశోకుడు ఇంకా ఏలుతున్నాడు. అశోకుడు తొంభైతొమ్మిది మంది అన్నదమ్ముల్ని చంపాడని సింహళ గాథలు చెబుతాయి. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన పద్నాలుగు శాసనాలూ ఉన్నాయి. వాటిలో ఐదోది తన అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ ఇళ్ళలో ధర్మ మహామాత్రులు పనిచేస్తున్నారని చెబుతుంది. చంపేసినవాళ్ళ ఇళ్ళకి అధికారుల్ని పంపరు. చిన్ షి హువాంగ్ కూడా కొండల మీద రాళ్ళు నాటించాడు, ఆరింటి పాఠాలు షిజీలోనే ఉన్నాయి. జనమంతా సుఖంగా ఉన్నారని వాటి సారాంశం. రాతి మీద ఉందని అదీ నమ్మక్కర్లేదు, మన ఊళ్ళలో శిలాఫలకాలు చూడటం లేదా? ఎర్రగుడి దాకా వెళ్ళి వీడియో తీసినవాళ్ళు మీలో ఉన్నారు. ఆ ఐదో శాసనం దగ్గర కెమెరా ఆపినవాళ్ళు నాకు కనపడలేదు.

చైనాలో ఈ రాజు బొమ్మ ఎన్నిసార్లు తిరగబడిందో కూడా చెప్పండి. రెండు వేల ఏళ్ళు నిరంకుశుడికి మారుపేరు. 1958లో మావో, ఆయన పాతిపెట్టింది 460 మందినే, మేం 46,000 మందిని అన్నాడు, గొప్పగానే. 1974లో కన్ఫ్యూషియస్ వ్యతిరేక ప్రచారం నడిచినప్పుడు అదే రాజు ప్రగతిశీలి అయిపోయాడు. సరిగ్గా అదే ఏడు రైతుల పారకి మట్టి సైనికుడు తగిలాడు.

నేను అడిగేది పెద్దదేం కాదు. వీడియోలో ప్రతి ఘట్టానికీ కింద ఒక లైను వేయండి: ఎవరు చెప్పారు, జరిగిన ఎన్నేళ్ళకు చెప్పారు. 'షిజీ, సుమారు 120 ఏళ్ళ తర్వాత' అని. అంతే, నాలుగు సెకన్లు పడుతుంది. డైలాగులు చెప్పేటప్పుడు 'అన్నాడు' బదులు 'అన్నాడని రాశాడు' అనండి. తెలుగులో ఆ సదుపాయం ఎంత చక్కగా ఉందో చూడండి, ఒక్క 'అట' తగిలిస్తే చాలు. మన అమ్మమ్మలు ఊళ్ళో కబుర్లకి కూడా 'అట' వాడతారు. మనం రెండు వేల ఏళ్ళ నాటి హత్యలకి వాడటం లేదు. గైడ్లు రాసేవారు ఆ 460 ప్రశ్నని తీసేయండి. ఉంచాలనుకుంటే 'షిజీ ప్రకారం' అని మొదలుపెట్టి, పండితులు, సజీవంగా అన్న రెండు మాటలు కొట్టేయండి.

ఇట్లు,
ఒకప్పటి చరిత్ర మాస్టారు

తా.క. కొత్త ఎపిసోడ్‌కి సరుకు కావాలంటే ష్వేహూదీ నాలుగో సమాధి చూడండి. హేఫూ, జింగ్ అనే ఇద్దరు అన్నదమ్ములు చిన్ సైన్యంలో ఉండి క్రీ.పూ. 223 ప్రాంతంలో ఇంటికి రాసిన ఉత్తరాలు, రెండు చెక్క పలకల మీద. దేశాల్ని ఏకం చేస్తున్న ఆ మహాసైన్యంలో జవాను హేఫూకి కావలసింది వేసవి బట్టలు. అమ్మా, అక్కడ బట్ట చవగ్గా ఉంటే కుట్టించి డబ్బుతో కలిపి పంపు, ఖరీదుగా ఉంటే డబ్బే పంపు, ఇక్కడ కుట్టించుకుంటా అంటాడు. జింగ్ పరిస్థితి ఇంకా ఘోరం. ఎవరి దగ్గరో అప్పు చేశాడు. ఇంటి నుంచి డబ్బు రాకపోతే చచ్చిపోతానంటూ చివర్లో ఒకే అక్షరం వరసగా మూడుసార్లు రాశాడు. దాని అర్థం అర్జెంటు, అర్జెంటు, అర్జెంటు.